నీళ్ళు పడుతూనే ఉన్నాయి, మోటారు కాలుతూనే ఉంది

మా షెడ్డులో ఉన్న పడవ మోటారు వయసులో నాకంటే పెద్దది. 1962లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని వాకీగన్‌లో తయారైన 18 హార్స్‌పవర్ జాన్సన్ మోటారు అది. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజను, పడవ వెనుక చెక్కకు రెండు మరలతో బిగించి, పని అయ్యాక విప్పి ఒడ్డుకు మోసుకుపోయే ఔట్‌బోర్డ్ రకం. విస్కాన్సిన్‌లో మేము ఉండే వీధి చివరి ఇంట్లో ఎనభై దాటిన పెద్దాయన ఒకరు, ఇక సరస్సు మీదికి వెళ్ళే ఓపిక లేదంటూ, నిరుడు ఆకులు రాలే కాలంలో దానిని నాకు 120 డాలర్లకు ఇచ్చారు. "చక్కగా నడుస్తుంది, కాకపోతే కొంచెం వేడెక్కుతుంది" అని ఆయన అన్న మాటలో రెండో సగాన్ని నేను ఆ రోజు సరిగా చెవిన పెట్టలేదు.

ఈ మోటార్లకు పుట్టినిల్లు ఈ ప్రాంతమే. మాకు కారులో అరగంట దూరంలో ఓకాచీ అనే సరస్సు ఉంది. నార్వేలో పుట్టి మిల్వాకీలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ అనే మెకానిక్, తనకు కాబోయే భార్య కోరిన ఐస్‌క్రీం తేవడానికి ఆ సరస్సులో తెడ్లు వేసి వేసి అలసిపోయి, పడవకు మోటారు తగిలించాలన్న ఆలోచన అప్పుడే చేశాడని ఇక్కడివారు చెప్పుకుంటారు. ఆ కథలో ఐస్‌క్రీం పాలు ఎంతో గాని, 1909లో ఆయన అమ్మకానికి పెట్టిన ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు మాత్రం నిజం. తరువాత ఇండియానాలో జాన్సన్ సోదరులు పోటీకి దిగారు, 1936లో రెండు పేర్లూ ఒకే సంస్థ కిందికి చేరాయి, ఆ సంస్థ 2000 డిసెంబరులో దివాలా తీసింది. అయినా అరవై ఏళ్ళ నాటి ఈ మోటారుకు పంపు సామాను నాకు మూడో రోజున ఇంటికి వచ్చింది. మా ఊళ్ళో ఆయిలు ఇంజను నాజిలు కోసం మూడుసార్లు అమలాపురం తిరిగిన రోజులు గుర్తున్నవాడిని కనుక, నాకు అది చిన్న విషయంగా అనిపించలేదు.

జూన్‌లో మొదటిసారి మోటారును పడవకు కట్టి సరస్సులోకి వెళ్ళాను. నెమ్మదిగా పోతున్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు. థ్రాటిల్ పూర్తిగా తిప్పిన ఏడెనిమిది నిమిషాలకు మోటారు శబ్దం మారింది; గొంతు బిగిసినట్టు అయి, వేగం దానంతట అదే తగ్గింది, వెంటనే కాలిన పెయింటు వాసన వచ్చింది. ఆపి, పై మూత తీసి చూస్తే పై సిలిండర్ దగ్గర హెడ్ మీది, అంటే సిలిండర్లను మూసే లోహపు మూత మీది, పెయింటు అట్టు మీద బుడగల్లా పొంగి ఉంది. వేలు తడిపి రెండు చుక్కలు విదిలిస్తే చుయ్యిమని ఆవిరైపోయాయి. టూ స్ట్రోక్ ఇంజను ఆ దశ దాటి ఇంకొంచెం నడిస్తే పిస్టన్ ఉబ్బి సిలిండర్ గోడను పట్టేస్తుంది, ఆ తరువాత బాగుచేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. అందుకని ఆ రోజు తెడ్లతోనే ఒడ్డుకు చేరాను. ఎవిన్‌రూడ్ మీద గౌరవం పెరిగింది.

నన్ను మొదటి నుంచీ తప్పుదారి పట్టించిన విషయం ఒకటి ఉంది. ఈ కాలపు మోటార్లకు పక్కన చిన్న రంధ్రం ఉండి, అందులోంచి సన్నని నీటి ధార చిమ్ముతూ పంపు పనిచేస్తోందని చెబుతుంది. 1962 నాటి మోటారుకు అటువంటి ఏర్పాటు లేదు. దాని కాలు వెనుక భాగంలో, అంటే ఇంజనుకూ ప్రొపెల్లర్ ఉండే గేరు పెట్టెకూ మధ్యనున్న పొడవాటి బోలు భాగంలో, పొగ పోయే రంధ్రాలు ఉంటాయి. చల్లబరిచిన నీరు చివరకు ఆ పొగతో కలిసి తుంపరలుగా అక్కడే బయటపడుతుంది. నా మోటారులో తుంపరలు కాదు, ధారాళంగా నీళ్ళే పడుతున్నాయి. వేలు పెడితే చల్లగా తగులుతున్నాయి. ఇంత చల్లటి నీళ్ళు ఇంత పుష్కలంగా తిరుగుతుండగా ఇంజను ఎందుకు కాలుతోందో నాకు బోధపడలేదు.

ఎవరిని అడిగినా చెప్పే మొదటి మాట ఇంపెల్లర్ మార్చమని. ఆ సలహా చాలాసార్లు సరైనదే. గేరు పెట్టె పైన, డ్రైవ్ షాఫ్ట్‌కు తొడిగి ఉండే రబ్బరు రెక్కల చక్రమే ఇంపెల్లర్. అది సరస్సు నీటిని లాగి ఒక రాగి గొట్టం ద్వారా పైకి తోస్తుంది. రబ్బరు కనుక ఏళ్ళు గడిచే కొద్దీ రెక్కలు వంగిన చోటే బిగిసిపోతాయి. కాలు పక్కనున్న చిన్న మూత తీసి, గేరు మార్చే కడ్డీ జాయింటును విప్పి, బోల్టులు ఊడదీసి గేరు పెట్టెను కిందికి దించాను. పంపు తెరిస్తే ఇంపెల్లర్ అనుకున్నట్టే ఉంది: రెక్కలన్నీ ఒకే వైపుకు వాలి గట్టిపడ్డాయి, వాటిలో ఒక రెక్క చివర వేలి గోరంత ముక్క తెగిపోయి ఉంది. దోషి దొరికిందన్న సంతోషంలో కొత్త ఇంపెల్లర్‌కు సబ్బు నీళ్ళు రాసి, షాఫ్ట్‌ను తిరిగే దిశలోనే తిప్పుతూ పంపు గిన్నెలోకి ఎక్కించి, అన్నీ బిగించేశాను. తెగిపోయిన ముక్క ఎక్కడికి పోయిందని ఆ సాయంత్రం ఒక్కసారైనా నన్ను నేను ప్రశ్నించుకోలేదు. ఈ పని మొత్తంలో నేను చేసిన అసలు తప్పు అదే.

మరుసటి వారం మళ్ళీ అదే కథ. ఈసారి సరస్సు మీద ప్రయోగాలు మానేసి, 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును నీళ్ళతో నింపి, మోటారును ఒక చెక్క బల్లకు బిగించి అందులోకి దింపాను. డ్రమ్ములో ప్రొపెల్లర్ తిప్పితే నీళ్ళన్నీ మన మీదికే వస్తాయి కనుక దానిని విప్పివేయాలి. ప్రొపెల్లర్ బరువు లేదు కనుక థ్రాటిల్‌ను ఎక్కువ తిప్పకూడదు. నీటి మట్టం పంపుకంటే పైనే ఉండేట్టు చూసుకోవాలి. వేడి కొలవడానికి తుపాకి లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడాను. మెరిసే అల్యూమినియం మీద అది అసలు వేడికన్నా తక్కువ చూపిస్తుంది కాబట్టి, హెడ్ మీద రెండు చోట్ల నల్ల పెయింటు చుక్కలు పెట్టి వాటి మీదనే గురిపెట్టాను. పదిహేను నిమిషాలకు కింది సిలిండర్ దగ్గర 71 డిగ్రీల సెల్సియస్, పై సిలిండర్ దగ్గర 108 డిగ్రీలు వచ్చింది. ఈ మోటార్ల సర్వీసు పుస్తకాలు రెండు మైనపు కడ్డీలతో ఈ పరీక్ష చేయమంటాయి: 125 డిగ్రీల ఫారెన్‌హీట్ కడ్డీ కరగాలి, 163 డిగ్రీలది కరగకూడదు. అంటే సుమారు 52కూ 73కూ మధ్య ఉండాలన్నమాట. కింది సిలిండర్ అంచున నిలబడి ఉంది, పైది ఎప్పుడో గీత దాటింది.

ఆ రాత్రి నాన్నగారితో ఫోనులో మాట్లాడుతూ ఈ గోడు చెప్పుకున్నాను. ఆయన జీవితంలో ఔట్‌బోర్డ్ మోటారును చూడలేదు గాని, లంక పొలానికి గౌతమి నీళ్ళు తోడే అయిదు హార్స్‌పవర్ ఆయిలు ఇంజనును ముప్ఫై ఏళ్ళు నడిపారు. పంపు నుంచి వేలెడు లావు గొట్టం ఒకటి చీల్చి, ఆ నీటిని ఇంజను చుట్టూ తిప్పి, మళ్ళీ బోదెలోకి వదిలేవారు. ఆయన నేరుగా ఒక్కటే అడిగారు.

"బయటికొచ్చే నీళ్ళ కింద చెయ్యి పెట్టి చూశావుట్రా?"

"పెట్టానండీ నాన్నగారూ. చల్లగానే ఉన్నాయి."

"చల్లగా ఉంటే సంతోషిస్తావేంట్రా! ఇంజను కాలిపోతుంటే నీళ్ళు గోరువెచ్చగా అయినా రావాలి గదా. చల్లగా వస్తున్నాయంటే అవి ఇంజను మొహం చూడకుండానే బయటపడుతున్నాయన్నమాట."

నేను మెకానికల్ ఇంజనీరింగు చదివినవాడిని. వేడి ఎక్కడికీ మాయమైపోదనీ, ఇంజను వదిలిన వేడిని నీరు తీసుకుంటే ఆ నీరు వేడెక్కి తీరాలనీ నాకు పరీక్షలో రాయడం వచ్చు. నెల రోజులుగా వేళ్ళకు తగులుతున్న చల్లదనాన్ని మాత్రం పంపు బాగా పనిచేస్తోందనడానికి సాక్ష్యంగా లెక్కవేసుకుంటూ కూర్చున్నాను.

ఆ మాటతో లక్షణాలను మళ్ళీ మొదటి నుంచి పరిశీలించాను. రబ్బరు రెక్కల పంపు నిదానంగా తిరిగేటప్పుడు రెక్కలు గోడను ఒరుసుకుంటూ నీటిని పట్టి తోస్తాయి. వేగం పెరిగే కొద్దీ రెక్కలు గోడ నుంచి విడివడి, కేవలం గిరగిరా తిప్పే విసురుతోనే నీటిని పంపుతాయి. కాబట్టి రెక్కలు అరిగిన పంపు సాధారణంగా నిదానపు నడకలో ముందుగా ఇబ్బంది పెడుతుంది. నిదానంగా పోయేటప్పుడు బాగానే ఉండి, పూర్తి వేగంలో మాత్రమే వేడెక్కితే, ఇంజను వదిలే వేడికి సరిపడా నీరు దారిలో ఎక్కడో తగ్గిపోతోందని ముందుగా అనుమానించాలి: గొట్టం కారుతూ ఉండాలి, లేదా దారి పూడుకుపోయి ఉండాలి. నా మోటారు మొదటి రోజునే ఈ విషయం చెప్పింది, నేను మాత్రం తేలిగ్గా దొరికే జవాబు వైపే వెళ్ళాను.

గొట్టం వైపు వెళ్ళే ముందు మిగిలిన అనుమానాలను తీర్చుకున్నాను. నూనె తగ్గినా ఇంజను వేడెక్కుతుంది. నేను ఆనాటి పుస్తకం చెప్పినట్టు 24 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు నూనె, అదీ నీటిలో నడిచే టూ స్ట్రోక్ ఇంజన్ల కోసం చేసిన నూనె, కలుపుతున్నాను కనుక ఆ దోషం లేదు. కార్బురేటర్ నుంచి పెట్రోలు చాలకపోతే రెండు ప్లగ్గులూ తెల్లబడాలి. కింది ప్లగ్గు బిస్కెట్ రంగులో నిక్షేపంగా ఉంది, పైది మాత్రమే పాలిపోయింది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం, రెండు సిలిండర్లకూ దాదాపు సమానంగా ఉంది కాబట్టి హెడ్ కింద అతుకు కారకుండా పెట్టే పలుచని పొర, గ్యాస్కెట్, రెండింటి మధ్య తెగలేదని అనుకోవచ్చు. ఇక థర్మోస్టాట్, అంటే ఇంజను వేడిని బట్టి నీటి దారిని తెరిచి మూసే చిన్న కవాటం. దానిని విప్పి, దారం కట్టి, నీళ్ళ గిన్నెలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టాను. 63 డిగ్రీల దగ్గర మెల్లగా తెరుచుకొని, దించగానే మళ్ళీ మూసుకుంది. అంతకన్నా బాగా ఏ కొత్తదీ చేయదు. ఆ గిన్నె ఇక టీకి పనికిరాదని ఇంట్లో తీర్పు వచ్చింది, ఇప్పుడది షెడ్డులోనే ఉంటోంది. వేడెక్కుతోంది కదా అని థర్మోస్టాట్‌ను పూర్తిగా తీసి పారేసి నడిపేవారు ఉన్నారు. నాకది నచ్చదు, నిదానంగా పోయేటప్పుడు ఇంజను చలికి వణుకుతూ, నూనె సరిగా కాలక ప్లగ్గులు నల్లబడి, ఒక జబ్బు పోయి ఇంకొకటి పట్టుకుంటుంది.

గొట్టం పరీక్షకు ఖర్చేమీ లేదు. గేరు పెట్టెను మళ్ళీ దించి, కింద వేలాడుతున్న రాగి గొట్టం చివరకు, తోటకు నీళ్ళు పోసే పైపును రబ్బరు తొడుగుతో బిగించి, కుళాయి కొంచెం తిప్పాను. నేల మీద వెల్లకిలా పడుకొని టార్చిలైటుతో మోటారు కాలు లోపలికి, పైకి చూశాను. నీరు గొట్టం గుండా పైకి పోవలసింది పోయి, గొట్టం ఇంజనును కలిసే చోటు నుంచి దాని చుట్టూ జారుతూ, చూరు నుంచి వాన కారినట్టు కాలు గోడల వెంట దిగి నా ముఖం మీద పడింది. ఇన్నాళ్ళూ కాలు వెనుక రంధ్రాల్లోంచి నేను చూసి మురిసిన నీరు ఇదే. పంపు తోడిన నీటిలో పెద్ద భాగం ఇంజను గడప దాకా వెళ్ళి, లోపలికి అడుగుపెట్టకుండా వెనక్కు తిరిగి, చల్లగా, ధారాళంగా బయటికి పోతోంది.

ఆ కీలు దగ్గర ఉండవలసినది ఒక రబ్బరు గ్రొమెట్, అంటే గొట్టం చుట్టూ నీరు కారకుండా పట్టి ఉంచే చుట్టు, మన పాత రూపాయి బిళ్ళకన్నా కొంచెం చిన్నది. దానిని మార్చాలంటే పవర్‌హెడ్‌ను, అంటే ఇంజను మొత్తాన్ని, కాలు మీద నుంచి లేపాలి. అరవై ఏళ్ళ నాటి బోల్టుతో తొందరపడితే తల విరిగి చేతిలోకి వస్తుంది. ఉక్కు బోల్టూ అల్యూమినియమూ కలిసి ఉన్న చోట తుప్పు రెంటినీ అతికించినట్టు పట్టేస్తుంది. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేసి, మరునాడు గ్యాసు టార్చితో బోల్టు చుట్టూ ఉన్న లోహాన్ని వేడిచేసి, ముందు కాస్త బిగించి, తరువాత కాస్త వదులుచేసి, మళ్ళీ బిగించి, ఇలా ఒక్కో బోల్టుకు పది నిమిషాలు ఓపిక పట్టాను. ఒక్కటి మాత్రం విరగబోతున్నట్టు మెత్తగా తిరిగింది. దానికి ఇంకో రాత్రి ఇచ్చాను, వదిలింది.

బయటికి తీసిన గ్రొమెట్ రబ్బరులా లేదు, ఎండిన రేగువడియంలా ఉంది. గోటితో నొక్కితే పెళుక్కున విరిగింది. అంత దూరం వచ్చాక పై సిలిండర్ సంగతి కూడా తేల్చాలని సిలిండర్ హెడ్ విప్పాను. నీటి దారులు చూస్తే ఎవరో ఎప్పుడో గ్యాస్కెట్ మీద సిలికాన్ జిగురు ఉదారంగా పూసి బిగించారని అర్థమైంది. నొక్కుకున్న జిగురు లోపలికి పొంగి, ఎండి, వేడికి ముక్కలై, పై సిలిండర్ చుట్టూ తిరిగే సన్నని దారిలో సరస్సు ఇసుకతో కలిసి ముద్దకట్టింది. ఆ ముద్ద మధ్యలో నల్లగా, వంపు తిరిగి, వేలి గోరంత రబ్బరు ముక్క కనిపించింది. షెడ్డు డబ్బాలో పడేసిన పాత ఇంపెల్లర్‌ను వెతికి తెచ్చి, తెగిన రెక్క పక్కన పెట్టి చూస్తే, చిరిగిన కాగితం రెండు సగాల్లా అంచులు కలిశాయి.

ఆ తరువాతి పని నిదానంగా సాగింది గాని, చెప్పడానికి పెద్దగా లేదు. దారులన్నీ చెక్క పుల్లతోనూ వంకర తీగతోనూ గీకి, గాలి కొట్టి, నీళ్ళు పోసి శుభ్రం చేశాను. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే అల్యూమినియం మీద గాట్లు పడతాయి, వాటిలోంచి మళ్ళీ కారుతుంది. హెడ్ కొద్దిగా వంగిందేమోనన్న అనుమానంతో, మందపాటి అద్దం పలక మీద సన్న గరుకు కాగితం పరిచి, దాని మీద హెడ్‌ను ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాను. మొదటి నిమిషంలో రెండు అంచులు మాత్రమే మెరిశాయి, మధ్యలో నల్ల మరక అలాగే ఉండిపోయింది. పావుగంటకు ముఖమంతా ఒకే రంగులోకి వచ్చింది. కొత్త గ్యాస్కెట్‌ను పుస్తకం చెప్పిన క్రమంలో, మధ్య బోల్టుల నుంచి బయటి వాటి వైపుకు, టార్క్ రెంచితో బిగించాను. సిలికాన్ డబ్బాను షెడ్డులోకే రానివ్వలేదు. పవర్‌హెడ్ తిరిగి దించేటప్పుడు గొట్టం కొత్త గ్రొమెట్‌లోకి సరిగా దిగిందో లేదో పైనుంచి కనబడదు. కొంచెం గ్రీజు రాసి చేతి స్పర్శతోనే చూసుకోవాలి, ఆపైన తోట పైపు పరీక్ష మళ్ళీ చేయాలి. ఈసారి టార్చి వేసి చూస్తే కాలు లోపల గోడలు పొడిగా ఉన్నాయి, థర్మోస్టాట్ తీసిన రంధ్రంలోంచి నీళ్ళు బుగ్గలా పైకి లేచాయి.

ఆగస్టు రెండో శనివారం పెద్దాయనను కూడా పడవలో కూర్చోబెట్టుకొని సరస్సు మీదికి వెళ్ళాను. పూర్తి వేగంతో ఇరవై నిమిషాలు నడిపి, ఆపకుండానే నల్ల చుక్కల మీదికి థర్మామీటర్ గురిపెడితే కింద 61, పైన 66 వచ్చింది. కాలు వెనుక ఇప్పుడు పడుతున్న నీళ్ళు మునుపటికన్నా బాగా తక్కువ, ఎక్కువ భాగం తుంపరే. వేలు పెడితే వెచ్చగా ఉన్నాయి. పెద్దాయన అటు చూసి, నీళ్ళు తగ్గాయి, పంపు పోయినట్టుంది, చూసుకో అని హెచ్చరించారు. నాన్నగారి ఆయిలు ఇంజను సంగతి ఆయనకు అక్కడే, మోటారు హోరులో, సగం సైగలతో చెప్పవలసి వచ్చింది. ఇంటికి వచ్చి ఇంజను పూర్తిగా చల్లారాక హెడ్ బోల్టులను మరోసారి టార్క్ రెంచితో చూస్తే రెండు బోల్టులు పావు చుట్టు తీసుకున్నాయి. గేరు పెట్టెలోని నూనె కాస్త పాల రంగులోకి తిరిగింది కనుక కింది సీలులోంచి నీరు లోపలికి చేరుతున్నట్టుంది. సరస్సు గడ్డకట్టే లోపు దాని సంగతి చూడాలి.